పాత గార్డెన్ ట్రాక్టర్‌కి హైడ్రాలిక్స్: అపోహలు - వాస్తవాలు

పాత గార్డెన్ ట్రాక్టర్‌కి లోడరో బ్లేడో బిగించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది పంపు గురించే. ట్యాంకు గురించి, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసే వాల్వ్) గురించి అడిగేవాళ్లు తక్కువ. నా పనిలో ఎదురైన తిప్పలు మాత్రం దాదాపు అన్నీ ఆ అడగని చోటే వచ్చాయి.

అపోహ: పెద్ద పంపు పెడితే ఎక్కువ బరువు లేస్తుంది.

పంపు చేసేది ఆయిల్‌ని నెట్టడం వరకే. ఆ ఆయిల్‌కి బరువు అడ్డుపడినప్పుడు ప్రెషర్ పుడుతుంది. ఎంత బరువు లేస్తుందో తేల్చేవి ప్రెషర్, సిలిండర్ బోరు (లోపలి వ్యాసం). ఎంత త్వరగా లేస్తుందో తేల్చేది పంపు. 50 మి.మీ. బోరు సిలిండర్‌కి 100 బార్ (ప్రెషర్ కొలత) అందితే దాదాపు 2 టన్నుల తోపు వస్తుంది. నిమిషానికి 15 లీటర్లిచ్చే పంపుతో దాని రాడ్డు సెకనుకి 12 సెం.మీ. పైనే కదులుతుంది. ఇంటి పనికి అంతకన్నా వేగం అక్కర్లేదు.

ఇంజన్ లెక్క కూడా చూసుకోవాలి. నిమిషానికి లీటర్లని బార్‌తో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. పైన చెప్పినదానికి 2.5 కిలోవాట్లు, అంటే పంపులో పోయేది కూడా కలిపితే సుమారు 4 హార్స్‌పవర్. 30 లీటర్ల పంపైతే 8. అరిగిపోయిన 14 హార్స్‌పవర్ ఇంజన్‌తో బండి నడుపుతూనే లోడర్ ఎత్తితే అక్కడే ఆగిపోతుంది.

అసలు 2 టన్నుల తోపుని ఆ ఛాసిస్ తట్టుకుంటుందా? ముందు ఇరుసు, చక్రాల బేరింగులు గడ్డి కోసే బండికని చేసినవి. అందుకే చిన్న బండ్లకి నేను రిలీఫ్ వాల్వ్‌ని 60, 70 బార్ దగ్గరే సెట్ చేస్తాను.

అపోహ: జాగ్రత్తగా వాడుకుంటే రిలీఫ్ వాల్వ్ లేకపోయినా పర్వాలేదు.

గేర్ పంపు తిరుగుతున్నంతసేపూ ఆయిల్ ఎటో ఒకవైపు పోవాల్సిందే. రాడ్డు చివరికి వచ్చాక కూడా లివర్ లాగి పట్టుకుంటే హోసన్నా పగులుతుంది, పంపు షాఫ్టన్నా విరుగుతుంది. పంపుకీ రిలీఫ్‌కీ మధ్య ఆయిల్‌ని ఆపే ఏ వాల్వూ పెట్టకండి. లివర్ ఉండే కంట్రోల్ వాల్వ్ ఓపెన్ సెంటర్‌దే (లివర్ ముట్టుకోనప్పుడు ఆయిల్‌ని నేరుగా ట్యాంకుకి పోనిచ్చేది) కావాలి. క్లోజ్డ్ సెంటర్ పెడితే, లివర్ ముట్టుకోకపోయినా ఆయిలంతా రిలీఫ్ మీదుగానే పోయి ట్యాంకు విపరీతంగా వేడెక్కిపోతుంది.

అపోహ: సక్షన్ వైపు (పంపు ట్యాంకులోంచి ఆయిల్ పీల్చే వైపు) ప్రెషర్ ఉండదు కాబట్టి ఏ పైపైనా సరిపోతుంది.

ఎక్కువ పంపులు పాడయ్యేది ఇక్కడే. ఒకసారి నా దగ్గరికి వచ్చిన బండిలో పంపు కొత్తది, కానీ డబ్బాలో కంకర పోసి ఊపినట్టు చప్పుడు. ట్యాంకు మూత తీస్తే ఆయిల్ తెల్లగా సబ్బు నురగలా ఉంది. ఇంజన్ వేగం పెంచమని సక్షన్ పైపు మీద చెయ్యి వేశాను. మామూలు నీళ్ల పైపు అది, పంపు పీల్చే బలానికి వేళ్ల కింద చదునుగా నొక్కుకుపోయింది. తీగ అల్లిన 25 మి.మీ. సక్షన్ హోస్ వేసి, ట్యాంకుని పంపు కన్నా పైకి ఎత్తి, రిటర్న్ పైపు చివర ఆయిల్‌లో మునిగేలా పెట్టాను. నురగ విరిగాక స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు లేదు. అప్పటికే గేర్ల మీద గుంటలు పడ్డాయి, వాటిని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

అపోహ: పుల్లీ బిగించి బెల్టు వేస్తే పనైపోతుంది.

చాలా గేర్ పంపుల షాఫ్టు పక్కకి లాగే బలాన్ని తట్టుకోదు. కప్లింగ్ (ఇంజన్ షాఫ్టునీ పంపు షాఫ్టునీ నేరుగా కలిపేది) వాడండి, లేదా పుల్లీకి వేరే బేరింగ్ ఇవ్వండి. పంపు ఏ వైపు తిరగాలో కూడా చూడండి. ఉల్టా తిప్పితే షాఫ్ట్ సీలు పోతుంది.

అపోహ: టెఫ్లాన్ టేపు ఎంత చుడితే అంత మంచిది.

ఫ్లేర్, ఓ-రింగ్ ఫిట్టింగులకి టేపు అవసరమే లేదు. దాని పీలికలు వెళ్లి వాల్వ్‌లో ఇరుక్కుంటాయి.

అపోహ: ఇంజన్ ఆపితే ప్రెషర్ పోయినట్టే.

ఎత్తిన లోడర్ బరువంతా సిలిండర్‌లోని ఆయిల్ మీదే ఉంటుంది. ముందు దాన్ని నేలకి దించండి, ఇంజన్ ఆపి లివర్‌ని రెండు వైపులా కదపండి, ఆ తర్వాతే హోస్ విప్పండి. లీకేజీని చేత్తో తడిమి చూడకండి, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి రంధ్రంలోంచి చిమ్మే ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో అంతగా ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, హై ప్రెషర్ ఆయిల్ చర్మంలోకి వెళ్లిందని డాక్టర్‌కి ఆ మాటల్లోనే చెప్పండి.