విశాఖ నుంచి భీమిలి దాకా ఒక్కరోజు బస్సు యాత్ర: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం రామకృష్ణా బీచ్ నుంచి భీమునిపట్నం వరకు సముద్రాన్ని ఆనుకొని సాగే రోడ్డు పొడవు సుమారు 25 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే రుషికొండ తీరం, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బల నడుమ వాన నీటికి చీలిన లోతైన గెడ్డలు (వాగుల్లాంటి పల్లాలు), గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు వరుసగా తగులుతాయి గనుక ఒక్కరోజు బస్సు యాత్రలకు ఇక్కడ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. గైడుగా ఈ దారిలో తిరిగే నేను గమనించినంతలో, యాత్రికులకూ మాకూ వచ్చే పేచీలు ఛార్జీల గురించో భోజనం గురించో అరుదు. ఏ చోటికి ఎప్పుడు వెళ్లాలి, అక్కడ ఎంతసేపు ఉండాలి, నీళ్లలోకి ఎక్కడ దిగవచ్చు అన్నవాటి గురించే ఎక్కువ. ఈ విషయాల్లో మేము మొండికేసినట్లు కనిపించినప్పుడు దాని వెనుక ఎండో, అలలో, మట్టి స్వభావమో, చట్టమో తప్పక ఉంటుంది. ఆ కారణాలను బస్సు దిగే హడావుడిలో చెప్పే వీలుండదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: దగ్గరి చోట్లు ముందు చూసి, దూరపువి చివరికి ఉంచుకోవాలి.

మ్యాపు చూసిన ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతారు. కాని ఈ దారిలో క్రమాన్ని దూరం కంటే ఎండే నిర్ణయిస్తుంది. ఎర్రమట్టి దిబ్బల గెడ్డల్లో నీడ తక్కువ. పొద్దు ఎక్కేకొద్దీ ఇరువైపులా ఉన్న మట్టిగోడలు వేడెక్కి, గాలి ఆడక, పిల్లలూ పెద్దవారూ పావుగంటలోనే వెనుదిరుగుతారు. పైగా నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ గోడల మీది పొరలు, చారలు కంటికి ఆనవు. ఉదయపు ఏటవాలు వెలుతురులో మాత్రమే ఎరుపులోని ఛాయలు విడివిడిగా తెలుస్తాయి. అందుకే మంచి యాత్రలో బస్సు ఉదయాన్నే రామకృష్ణా బీచ్‌ను, రుషికొండను దాటి నేరుగా దిబ్బల దగ్గరికి వెళుతుంది. అక్కడి నుంచి భీమిలి, తిరుగుదారిలో తొట్లకొండ, ఎండ తగ్గాక రుషికొండ చూసుకొని, సాయంత్రానికి నగరంలోని బీచ్‌కు చేరుతుంది. ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి మ్యూజియం సాయంత్రం కూడా తెరిచే ఉంటుంది గనుక దాన్ని చివర పెట్టుకున్నా నష్టం లేదు. అయితే సోమవారం దానికి సెలవు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ జలాంతర్గామి కోసమే వచ్చేవారు సోమవారం యాత్ర పెట్టుకోకపోవడం మంచిది.

అపోహ: బీచ్‌లో ఉండి సూర్యాస్తమయం చూడాలి.

విశాఖ తీరం ఆగ్నేయానికి ముఖం చేసి ఉంటుంది. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, కొండల వెనుక అస్తమిస్తాడు. గోవా ఫోటోలు చూసి వచ్చినవారికి ఈ మాట చెప్పినప్పుడు వారి ముఖంలో కనిపించే నిరాశకు మా దగ్గర మందు లేదు. మరునాడు వేకువనే లేవమని చెప్పడం తప్ప చేయగలిగింది కూడా లేదు.

అపోహ: ఎర్రమట్టి దిబ్బలు గండికోట లాంటి లోయే, కాకపోతే చిన్నది.

చూపుకు పోలిక ఉన్నా పుట్టుకలో రెండింటికీ సంబంధం లేదు. గండికోట దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల గట్టి రాతిని సుదీర్ఘ కాలం కోసుకుంటూ పోయి లోయను చేసింది. భీమిలి దగ్గరున్నది రాయి కాదు, ఇసుక. చివరి మంచుయుగంలో భూమి మీది నీరు చాలా భాగం మంచుగా గడ్డకట్టి ఉన్నందున సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా కిందికి దిగి, నేడు నీటి అడుగున ఉన్న నేల చాలా దూరం బయటపడింది. ఆ నేల మీది ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఒడ్డున మేటలు వేసింది. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లు అరిగి వచ్చిన ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు కాలక్రమంలో తుప్పుపట్టినట్లు మారి ప్రతి రేణువుకూ ఎర్రని పూత పెట్టాయి. ఆ పూతా, కొద్దిపాటి బంకమట్టీ కలిసి రేణువులను పట్టి ఉంచుతున్నాయి గనుకనే గోడలు అంత నిటారుగా నిలబడగలుగుతున్నాయి. వాన నీరు చెట్టు కొమ్మల ఆకారంలో పాయలు పాయలుగా ఆ మేటలను కోసి గెడ్డలు చేసింది, ప్రతి వానాకాలమూ ఆ కోత సాగుతూనే ఉంది.

ఈ వివరమంతా ఎందుకంటే, రాయి అనుకున్నవారు రాతిమీద ఎక్కినట్లే ఎక్కుతారు. ఇసుక గోడను పట్టి ఉంచే శక్తి పొడిగా ఉన్నప్పుడు సరిపోతుంది. తడిసి బరువెక్కినప్పుడు సరిపోదు, అంచు మీద మనిషి నిలబడినప్పుడు అసలే సరిపోదు. వాన పడిన మరునాడు గోడల కింద నీడకోసం కూర్చోవడం, అంచుమీద వరుసగా నిలబడి గ్రూప్ ఫోటో దిగడం, గోడ మీద తాళంచెవితో పేర్లు చెక్కడం, ఈ మూడింటినీ నేను నిక్కచ్చిగా ఆపిస్తాను. మొదటి రెండూ మనిషికి ప్రమాదం. మూడోదాని వల్ల పైపూత చెదిరి, తర్వాతి వానకు నీరు అక్కడి నుంచే కోత మొదలుపెడుతుంది. సీసాలో కాస్త ఎర్ర ఇసుక పట్టుకెళతామని అడిగేవారికి కూడా వద్దనే చెబుతాను. సినిమా పాటల్లో చూసిన చోట అలాగే పరుగెత్తాలనే ముచ్చట చాలామందికి ఉంటుంది. గెడ్డ అడుగున ఉన్న దారిలో ఎంత పరుగెత్తినా అభ్యంతరం లేదు.

అపోహ: ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

ఇంకా కాదు. 2025 సెప్టెంబరులో మన దేశం తరఫున యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన ఏడు ప్రకృతి స్థలాల్లో ఇదొకటి, తిరుమల కొండలు మరొకటి. ఆ జాబితాలో ఉండటమంటే ముందు ముందు ప్రతిపాదించడానికి అర్హత పొందడమే గాని గుర్తింపు పొందడం కాదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ మాత్రం దీన్ని ఇదివరకే జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. మన గైడుల్లోనే కొందరు ఈ తేడాను పట్టించుకోకుండా మైకులో చెప్పేస్తుండటం వల్ల ఈ అపోహ బలపడుతోందని ఒప్పుకోవాలి.

అపోహ: అలలు విరగని చోట సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, అక్కడ దిగితే క్షేమం.

ఈ దారిలోని అపోహలన్నిటిలో ప్రాణాలు తీసేది ఇదే.

అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు ఎక్కడో ఒకచోట తిరిగి లోపలికి పోవాలి. తీరానికి కొంచెం అవతల నీటి అడుగున ఇసుక గట్టు ఉంటే, ఆ నీరు గట్టులో గండి ఉన్నచోటికి చేరి అక్కడి నుంచి సన్నని పాయగా వేగంగా లోపలికి పారుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. గండి దగ్గర లోతు ఎక్కువ గనుక అలలు అక్కడ విరగవు, నురుగు కనిపించదు. రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుండగా మధ్యలో ఒక పట్టీ మాత్రం నిమ్మళంగా, కొంచెం ముదురు రంగులోనో బురదగానో కనిపిస్తుంది. సముద్రం కొత్తవారు పిల్లలను ఆ పట్టీలోకే తీసుకెళతారు, ఎందుకంటే వారి కంటికి అదే భద్రంగా కనిపిస్తుంది. ఆ ప్రవాహం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్ల వేగాన్ని అందుకోగలదు. గజఈతగాడైనా దానికి ఎదురీది ఒడ్డుకు రాలేడు. అందువల్ల ఈత వచ్చినవారికి భయం లేదన్న మాట కూడా నిలవదు. చెరువులో, బావిలో నేర్చిన ఈత ఒక్కోసారి అనవసరపు ధైర్యాన్నిచ్చి మరింత లోపలికి తీసుకెళుతుంది.

రిప్ కరెంట్ మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. మునగడానికి కారణం చాలావరకు ఎదురీది అలసిపోవడమే. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు కొట్టుకోకుండా వెల్లకిలా తేలుతూ, చేయి పైకెత్తి సాయం అడగాలి. శక్తి ఉంటే తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరాక వాటితోపాటు ఏటవాలుగా ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని గొలుసులా దిగడం మన ఊళ్లలో తరచూ చూసే పొరపాటు. ఒకరి కోసం దిగి నలుగురు పోయిన వార్తలు ఇలాంటి సాహసాల నుంచే వస్తాయి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసిరినా తేలడానికి ఆసరా అవుతుంది. లైఫ్‌గార్డును పిలవడం, విసరగలిగినది విసరడం, చిక్కుకున్న మనిషి మీంచి చూపు మరల్చకపోవడం, ఒడ్డున ఉన్నవారు చేయగలిగింది ఇదే.

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుందనుకోవడం దీనికి తోబుట్టువు లాంటి భ్రమ. హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన లేచిన పెద్ద అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ గాలీ వానా లేని రోజున కూడా తీరాన్ని తాకుతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఇలాంటి అలల గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు గైడు వాటిని చూశాడా అని అడిగే హక్కు యాత్రికులకు ఉంది, అడిగితే మాకూ మంచిదే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మాత్రమే ప్రమాదమన్న నమ్మకంలో సగం నిజముంది. ఆ రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది గాని, రిప్ కరెంట్‌కు అల ఎత్తూ ఇసుక గట్టు ఆకారమూ చాలు. తిథితో నిమిత్తం లేదు.

అపోహ: రుషికొండకు బ్లూ ఫ్లాగ్ ఉంది కాబట్టి అక్కడ ఎక్కడైనా దిగవచ్చు.

2020లో దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ పొందిన ఎనిమిది బీచ్‌లలో రుషికొండ ఒకటి. నీటి నాణ్యత, పరిశుభ్రత, సౌకర్యాలు, భద్రతా ఏర్పాట్లు, పర్యావరణ నిర్వహణ చూసి ఇచ్చే ఆ ధ్రువీకరణ ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవలసినదే తప్ప శాశ్వతం కాదు. దాని పరిధి కూడా గుర్తించిన బీచ్ భాగానికే. ఆ హద్దు దాటి నాలుగడుగులు వేస్తే ఉండేది మామూలు బంగాళాఖాతమే. స్నానానికి చూడవలసింది లైఫ్‌గార్డులు పాతే జెండాలను. ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్యన దిగవచ్చు, ఎర్రజెండా ఉంటే దిగకూడదు. లైఫ్‌గార్డులు వెళ్లిపోయాక ఏ జెండా ఉన్నా లేనట్లే.

అపోహ: భీమిలిలో నది కలిసే చోట నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, పిల్లల స్నానానికి అనువు.

గోస్తనీ ముఖద్వారం చూడటానికి చెరువులా ఉన్నా, ఆటుపోట్లను బట్టి ప్రవాహం రోజులో పలుమార్లు దిశ మార్చుకుంటుంది, అడుగున ఇసుక జరుగుతూ ఉంటుంది. నిన్న మోకాలి లోతు ఉన్నచోట ఇవాళ మనిషి మునిగేంత లోతు ఉండవచ్చు. భీమిలిలో నేను సమయాన్ని నీళ్లకంటే ఊరికే ఎక్కువ కేటాయిస్తాను. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తక స్థావరం పెట్టుకున్న ఊరిది, వారి సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లో ఏర్పడిన ఇక్కడి మునిసిపాలిటీ, విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయే దాకా, దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటిగా ఉండేది. బస్సు దిగి మొక్కజొన్న పొత్తు కొనుక్కొని తిరిగి ఎక్కేసే యాత్రల్లో ఇవేవీ చూడకుండానే భీమిలి అయిపోతుంది.

అపోహ: ఒడ్డున కనిపించే నల్ల ఇసుక కాలుష్యమే.

చాలాచోట్ల కాదు. తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలను అల వదిలేసి, తేలిక ఇసుకను వెనక్కి తీసుకుపోవడం వల్ల నల్లని చారలు ఏర్పడతాయి. వాటి పక్కనే లేత ఎరుపులో కనిపించేది గార్నెట్ అనే ఖనిజం. నగరంలోని మురుగు కాలువ సముద్రంలో కలిసేచోట నలుపుతో పాటు వాసన కూడా ఉంటే మాత్రం అది కాలుష్యమే, దాన్ని ఖనిజమని సమర్థించే ఉద్దేశం నాకు లేదు.

అపోహ: ఫోటోలో చూసిన బీచే అక్కడ ఉంటుంది.

తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ అడ్డుగోడలు ఆ కదలికను ఆపడంతో, వాటికి ఉత్తరాన ఉన్న నగర తీరం కోతకు గురవుతోంది. పోర్టువారు తవ్విన ఇసుకను తెచ్చి పోస్తే వెడల్పవుతుంది, నైరుతి రుతుపవనాల అలలకు మళ్లీ సన్నబడుతుంది. బీచ్ ఇరుకుగా ఉన్నప్పుడు గైడును నిందించకండి.

అపోహ: డబ్బు కట్టి మాట్లాడుకున్న బస్సు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలి, ఎంత రాత్రయినా తిప్పాలి.

యాత్రా బస్సులు కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్ మీద నడుస్తాయి. ముందుగా కుదిరిన ఒప్పందంలో ఉన్నవారిని ఎక్కించుకోవాలే తప్ప దారిలో కనిపించిన బంధువులను ఎక్కించుకొని దింపుతూ పోవడం నిబంధనలకు విరుద్ధం. ఇక డ్రైవరు విషయానికొస్తే, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం మామూలుగా రోజుకు పని 8 గంటలు, ఏకధాటిగా 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి, విరామాలతో కలిపి మొత్తం 12 గంటల పరిధి ఉండేవి. ఉదయం ఆరింటికి బండి తీసిన మనిషిని రాత్రి తొమ్మిదింటికి కైలాసగిరి కొండ మీది దీపాలు చూపించమని అడగడం మీ ప్రాణాల మీదికి మీరే తెచ్చుకోవడం. డ్రైవరు గారు భోజనం చేస్తున్నారని పది నిమిషాలు ఆలస్యమైతే హారన్ కొట్టించే పెద్దమనుషులు కూడా ఉంటారు.

అపోహ: కాస్త త్వరపడితే బొర్రా, అరకు కూడా అదే రోజు కలుపుకోవచ్చు.

బొర్రా గుహలు విశాఖకు సుమారు 90 కిలోమీటర్ల దూరం, అరకు ఇంకా పైన, మధ్యలో ఘాట్ రోడ్డు. రెండు దిక్కుల యాత్రను ఒక రోజులో కలిపి అమ్మేవారు ఉన్నారు. అలాంటి యాత్రలో తీరం మీద గంటకు మించి దొరకదు, తిరుగు ప్రయాణంలో ఘాట్ చీకట్లో దిగవలసి వస్తుంది. బొర్రా దగ్గర పారే నది కూడా భీమిలిలో సముద్రాన్ని కలిసే గోస్తనీయే. అందువల్ల రెండూ చూడాలనుకునేవారు మొదటి రోజు కొండమీద బొర్రా చూసి, రెండో రోజు తీరం పెట్టుకుంటే నది వెంట దిగివచ్చినట్లుంటుంది. బస్సును రెండు రోజులకు విడివిడిగా మాట్లాడుకున్నా అభ్యంతరం లేదు, గైడు మాత్రం ఒక్కరే ఉండేలా చూసుకోండి.