శాటిలైట్ మ్యాపుల్లో ఉల్కాబిలాల వేట: అపోహలు - వాస్తవాలు

పగలు నా ఉద్యోగం మ్యాపులతోనే. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ మ్యాపులే, కాకపోతే అప్పుడు వెతికేది వేరు. ఎప్పుడో లక్షల, కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పడ్డ రాయి భూమి మీద వదిలిన మచ్చ కోసం చూస్తుంటాను. ఎనిమిదేళ్లుగా ఇదే అలవాటు. ఈ సంగతి తెలిసిన మిత్రులు స్క్రీన్‌షాట్లు పంపి "ఇది క్రేటరేనా?" అని అడుగుతుంటారు. విడివిడిగా ఇచ్చే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: గుండ్రంగా ఉంటే ఉల్కాబిలమే.

గుండ్రటి ఆకారాలకు భూమి మీద కొదవ లేదు. అగ్నిపర్వతాల నోళ్లు, సున్నపురాయి కరిగి కుంగిన గుంటలు, కింది నుంచి ఉబ్బిన గుమ్మటాలు, పాత క్వారీలు, ఇలా ఎన్నో. మారిటానియా ఎడారిలోని రిచాట్ చూడండి. దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పున, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వలయంలో వలయం. ఉల్క పడిందేమోనని మొదట్లో శాస్త్రవేత్తలే అనుమానించారు. తీరా చూస్తే అది లోపలి శిలాద్రవం పైకి తోయడంతో ఉబ్బిన గుమ్మటం. పైభాగం అరిగిపోయి పొరలు బయటపడ్డాయి. మన నల్లమలలోని ఈశ్వరకుప్పం డోమ్ కూడా ఉల్క పని కాదు, అక్కడ రాతి పొరలే గుమ్మటంలా పైకి లేచాయి.

నాలుగేళ్ల కిందట నల్గొండ జిల్లాలో ఒక అర్ధచంద్రాకారం నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. సుమారు 600 మీటర్ల వెడల్పు, ఒకవైపు ఎత్తైన గట్టు, లోపల చదును నేల. ఆదివారం బండేసుకుని వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన గొర్రెలు కాస్తున్నాడు. "తాతా, ఈ గట్టు ఎప్పటిది?" అని అడిగాను. "గట్టు కాదు బిడ్డా, చెరువు కట్ట. తెగి ముప్పై ఏండ్లయింది. మా నాయిన దీని కిందనే రెండెకరాలు పారిచ్చేటోడు" అన్నాడు. తుమ్మ పొదలు పక్కకు తోసి తూము కూడా చూపించాడు. నిలువుగా రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా చిల్లు పెట్టిన బండ.

ఇప్పుడు తెలంగాణలో ఏ వలయం కనిపించినా ముందు సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ (ఎత్తుపల్లాలు, చెరువులు, ఊళ్లు చూపే మ్యాపు) తీస్తాను. ఇప్పుడు ఎండిపోయిన చెరువులు కూడా అందులో ఉంటాయి. కట్ట దాదాపు తిన్నగా ఉండి, నీళ్లు నిలిచే వైపు అంచు వంపు తిరిగి ఉంటే అది చెరువే.

అపోహ: ఫొటోలో పల్లంగా కనిపిస్తే అది పల్లమే.

మన కంటికి వెలుతురు పై నుంచి పడడం అలవాటు. మన దేశం మీద శాటిలైట్ బొమ్మలు ఎక్కువగా ఉదయం పూట తీస్తారు. అప్పుడు ఎండ ఆగ్నేయం నుంచి, అంటే బొమ్మలో కింది కుడివైపు నుంచి పడుతుంది. దాంతో గుట్ట గొయ్యిలా, గొయ్యి గుట్టలా కనిపిస్తుంది. మ్యాపును తలకిందులు చేసి చూడండి, అసలు రూపం తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎత్తుల డేటా చూడాలి. 2000లో నాసా షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తులు 30 మీటర్ల వివరంతో ఉచితంగా దొరుకుతాయి. ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్‌లో కార్టోశాట్ ఉపగ్రహం కొలిచిన ఎత్తుల డేటా ఉంది. అడ్డంగా ఒక గీత గీసి, దాని వెంట ఎత్తుపల్లాల ప్రొఫైల్ చూస్తే అనుమానాలు సగం అక్కడే తీరిపోతాయి.

అపోహ: ఏటవాలుగా పడితే బిలం కోలగా ఉంటుంది.

బురదలోకి గోళీ విసిరినట్టు ఊహించుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఉల్క సెకనుకు కనీసం 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. పెద్ద రాయైతే ఆ వేగంతో నేలను తాకగానే బాంబులా పేలుతుంది. రాయి ఏ దిక్కు నుంచి వచ్చినా పేలుడుకు గుంట గుండ్రంగానే పడుతుంది. దాదాపు నేలను రాసుకుంటూ, 10-15 డిగ్రీల లోపు కోణంలో వస్తేనే సాగుతుంది.

అపోహ: క్రేటర్ అంటే గొయ్యి ఉండాలి.

చిన్నవాటికి, కొత్తవాటికి ఉంటుంది. వెడల్పు రెండు నుంచి నాలుగు కిలోమీటర్లు దాటితే నడిమి భాగం తిరిగి పైకి లేస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఢాలా వెడల్పు సుమారు 11 కిలోమీటర్లు, కానీ అక్కడికెళితే గొయ్యి కనిపించదు, మధ్యలో మెట్టలా ఎత్తైన భాగం ఉంటుంది. గొయ్యి కోసమే వెతికేవాళ్లు దాన్ని దాటి వెళ్లిపోతారు.

అపోహ: మంచి ఫొటో దొరికితే కనుగొన్నట్టే.

ఈ ఒక్క మాట దగ్గర నేను గట్టిగా నిలబడతాను. ఫొటో అనుమానం మాత్రమే, సాక్ష్యం రాయిలో ఉంటుంది. ఉల్క గుద్దినప్పుడు పుట్టే ఒత్తిడి వాతావరణ పీడనానికి లక్ష రెట్లు దాటుతుంది. అంత ఒత్తిడికి పలుగురాయి రేణువు లోపల సన్నటి, తిన్నటి గీతలు వరుసలు వరుసలుగా పడతాయి. మైక్రోస్కోప్ కింద పెడితేనే అవి కనిపిస్తాయి. అగ్నిపర్వతం అలాంటి గీతలు పెట్టలేదు.

లోనార్‌నే తీసుకోండి. మహారాష్ట్రలో 1.8 కిలోమీటర్ల వెడల్పున్న ఆ బిలం అంచున నిలబడితే నల్లరాతి పొరలు బయటి వైపు వాలి కనిపిస్తాయి, ఎవరో లోపలి నుంచి తన్ని ఎత్తినట్టు. నేను వెళ్లినప్పుడు ఆ వాలును చేత్తో తడిమి చూశాను. లోనార్ చుట్టూ ఉన్నదంతా అగ్నిపర్వత శిలే కాబట్టి, అది అగ్నిపర్వత నోరేనని చాలాకాలం వాదించారు. 1970ల్లో డ్రిల్లింగ్ చేస్తే అడుగున మాస్కెలినైట్ దొరికింది, అంటే ఒత్తిడికి గాజులా మారిన ఖనిజం. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాక సందేహం తీరింది. రాజస్థాన్‌లోని రామ్‌గఢ్ వలయాన్ని 19వ శతాబ్దంలోనే గమనించినా, ఉల్కాబిలంగా గట్టి ఆధారాలతో ఒప్పుకున్నది 2020లో. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పటికైతే నిర్ధారణ అయినది ఒక్కటీ లేదు.

అయస్కాంతం అంటుకుంటే ఉల్కే అన్న మాట కూడా నమ్మకండి. మామూలు నల్లరాయికీ, పాతకాలంలో ఇనుము కరిగించిన చోట మిగిలిన చిట్టెం రాళ్లకూ అంటుకుంటుంది.

అపోహ: ఇంట్లో కూర్చుని వెతికితే ఏమీ దొరకదు.

2008లో విన్సెంజో డి మికేలె అనే ఇటలీ ఆయన ఈజిప్టు ఎడారిని గూగుల్ ఎర్త్‌లో చూస్తూ 45 మీటర్ల గుంట ఒకటి పట్టుకున్నారు. 2010లో బృందం వెళ్లి చూస్తే చుట్టూ వేల ఇనుప ముక్కలు. అదే కమిల్ క్రేటర్. 2007లో ఆస్ట్రేలియాలో ఆర్థర్ హిక్‌మన్ అనే జియాలజిస్టు ఇనుప ఖనిజం కోసం గూగుల్ ఎర్త్ చూస్తుంటే 260 మీటర్ల బిలం కంటపడింది. ఇప్పుడు దానికి ఆయన పేరే. ఇద్దరికీ రాళ్ల గురించి బాగా తెలుసు, అది మరిచిపోవద్దు. అందుకే మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది, జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్ల వెబ్‌సైట్ భూకోశ్‌లో మీ జిల్లా జియాలజీ మ్యాపు తెరిచి ఏ రాయి ఎక్కడుందో నేర్చుకోమని.

నా నోటుబుక్‌లో ఇప్పటికి 61 వలయాలు ఉన్నాయి. 59 కొట్టేశాను, ఒక్కోదాని పక్కన కారణం రాసుకున్నాను: చెరువు, క్వారీ, గ్రానైట్ గుట్ట, మళ్లీ చెరువు. మిగిలిన రెండింటిలో ఒకటి రిజర్వ్ ఫారెస్టులో ఉంది, అనుమతి కావాలి. రెండోది వరి పొలాల మధ్యలో ఉంది. కోతలయ్యాక, సంక్రాంతి దాటాక వెళ్లాలి.