సౌష్ఠవం 'దాదాపు' ఉంటే లెక్కలోకి వస్తుందా?

బెంజీన్ వలయాన్ని 60 డిగ్రీలు తిప్పితే, తిప్పినట్టే తెలియదు. ఒక హైడ్రోజన్ తీసేసి మిథైల్ సమూహాన్ని పెడితే అది టోలీన్ అవుతుంది, ఆ సౌష్ఠవం పోతుంది. అయినా వలయం మీద పరుచుకున్న π (పై) ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉండే తీరులు, బెంజీన్ పోలికనే చూపిస్తాయి. బెంజీన్‌లో సమాన శక్తితో ఉన్న ఆర్బిటాళ్ల జంటలు ఇక్కడ కొద్దిగా విడిపోతాయి, అంతే.

ఈ 'దాదాపు' చిక్కు, సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితమైన గ్రూప్ థియరీతోనే వచ్చింది. స్ఫటికంలో అయాన్ శక్తిస్థాయిలు ఎలా చీలతాయో 1929లో హాన్స్ బెథే దానితోనే చూపించాడు. 1930లలో రాబర్ట్ ముల్లికెన్ అణు ఆర్బిటాళ్లకు సౌష్ఠవాన్ని బట్టి గుర్తులు ఇచ్చాడు. కానీ ఆ గణితంలో సౌష్ఠవం ఉంటుంది, లేదా ఉండదు. ముప్పాతిక సౌష్ఠవం అనే మాటకు అందులో చోటు లేదు.

ఇబ్బంది బాగా బయటపడింది 1965లో, కొన్ని రసాయన చర్యలు ఏ దారిలో జరుగుతాయో చెప్పే వుడ్‌వర్డ్, హాఫ్‌మన్ నియమాలతో అని నా అభిప్రాయం. నాలుగు కార్బన్ల గొలుసైన బ్యూటాడైయీన్‌ను వేడిచేసి వలయంగా మూస్తే రెండు కొసలూ ఒకే దిశలో తిరుగుతాయి, కాంతి తగిలితే ఎదురెదురు దిశల్లో. కారణం ఆర్బిటాళ్ల సౌష్ఠవం. మరి ఒక పక్కన మాత్రమే మిథైల్ ఉన్న అణువు సంగతి? కచ్చితంగా చూస్తే దానికి ఆ సౌష్ఠవం లేదు, నియమం మాత్రం పనిచేస్తుంది. ఆర్బిటాల్ ఎక్కడ గుర్తు మార్చుకుంటుందో ఆ నోడ్‌లు చెక్కుచెదరకపోవడమే ఇక్కడ ముఖ్యం. రసాయన శాస్త్రవేత్తలు చేతి అలవాటుగా వాడుతున్న ఈ 'దాదాపు'కు లెక్క కట్టాల్సిన అవసరం అలా వచ్చింది.

1992లో జబ్రాడ్‌స్కీ, పెలెగ్, అవ్‌నీర్ ఒక కొలత ప్రతిపాదించారు. ఒక ఆకారం తనకు అతి దగ్గరి సౌష్ఠవ ఆకారంగా మారడానికి బిందువులు ఎంత జరగాలో, ఆ దూరాల వర్గాలతో లెక్కిస్తారు. సున్నా వస్తే సౌష్ఠవం పూర్తిగా ఉన్నట్టే. అంకె పెరిగేకొద్దీ దూరమవుతున్నట్టు. సరళమైన ఆలోచనే గానీ ఎంతో విలువైనది.

ఇది కేంద్రకాల అమరికకు సరిపోతుంది. ఆర్బిటాల్‌కు వేరే పరీక్ష కావాలి: దాని అద్దపు ప్రతిబింబాన్ని దానిమీదే ఉంచి, రెండూ ఎంతవరకు అతివ్యాపనం చెందుతాయో చూడటం ఒక దారి. కేంద్రకాల సౌష్ఠవం, ఆర్బిటాళ్ల సౌష్ఠవం ఎప్పుడూ కలిసే నడవాలని లేదు. బెంజీన్‌లో ఒక హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెడితే కేంద్రకాల బరువులు మారి కంపనాల సౌష్ఠవం తగ్గుతుంది. ఎలక్ట్రాన్లకు కనిపించేది ఆవేశమే కాబట్టి ఆర్బిటాళ్ల ఆరుమడతల సౌష్ఠవం దాదాపు అలాగే ఉంటుంది.