కూతురికి నాన్న రంగు

నేను మొదటిసారి పావురాలు కొన్నప్పుడు అమ్మినతను "ఇది మంచి జత, నెలలో పిల్లలు చేస్తాయి" అని చెప్పి ఇచ్చాడు. చూడ్డానికి నిజంగా జతలాగే ఉండేవి. ఒకదాని మెడ ఒకటి నిమిరేది. ఒకే మూకుట్లో చీపురుపుల్లలు పేర్చుకున్నాయి. మూడో వారంలో గుడ్లు పెట్టాయి. లెక్క చూస్తే నాలుగు.

పావురం ఒక విడతకి పెట్టేది రెండే గుడ్లు. మొదటిది పెట్టాక సుమారు నలభై గంటలు ఆగి రెండోది పెడుతుంది, అంతటితో సరి. మూకుట్లో నాలుగు ఉన్నాయంటే అక్కడున్నవి రెండూ ఆడవే, పెట్టలు. వారం తర్వాత చీకట్లో ఒక్కో గుడ్డునీ టార్చి వెలుగుకి పెట్టి చూశాను. పిల్ల కట్టిన గుడ్డులో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. వీటిలో ఒక్క గీత కూడా లేదు. అయినా ఆ రెండూ వంతులేసుకుని పొదుగుతూనే ఉన్నాయి. పిల్లలు రావాల్సిన 18 రోజులూ దాటిపోయాక కూడా లేవలేదు. ఆ ఓపిక చూసి నాకు చాలా బాధేసింది. ఏది పోతో (మగది), ఏది పెట్టో చిన్నప్పుడే తెలుసుకునే దారి ఉందా అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

కోడిలో ఈ టెన్షన్ ఎక్కువ రోజులు ఉండదు. కొన్ని వారాలకే పుంజుపిల్లకి జుట్టు ఎర్రబడుతుంది, తోక వంపు తిరుగుతుంది. నెమలి సంగతి చెప్పనే అక్కర్లేదు. పావురంలో మాత్రం ఆడామగా ఒకే అచ్చు. పోతు కొంచెం బరువు, మెడ కొంచెం లావు, తల కొంచెం గుండ్రం. ఈ "కొంచెం"తోనే చిక్కు. బలమైన పెట్ట, బక్క పోతు పక్కపక్కన నిలబడితే లెక్కంతా తారుమారవుతుంది. పిల్లల్లో ఆ తేడా కూడా ఉండదు. బీజాలైనా అండాశయమైనా ఒంటి లోపల, వీపు వైపు దాగి ఉంటాయి కాబట్టి పైకి కనిపించేది ఏమీ లేదు.

అయిదారు నెలలు ఆగితే పక్షే చెప్పేస్తుంది. పోతు మెడ ఉబ్బించి గుటర్‌గూ అంటూ గుండ్రంగా తిరుగుతుంది, తోకని నేలకి రాస్తూ పెట్ట వెంట పడుతుంది. గుడ్లు పెట్టాక ఇంకా తేలిక. పొద్దున పది గంటల ప్రాంతం నుంచి సాయంత్రం దాకా పొదిగేది పోతు, మిగతా సాయంత్రం, రాత్రంతా పెట్ట. పెంచేవాళ్లకి మాత్రం ఆ అయిదారు నెలలు చాలా ఎక్కువ. జత దొరకని పోతులు ఎక్కువైతే పక్క గూళ్లలోకి దూరి కొట్లాటకి దిగుతాయి. ఆ గొడవలో గుడ్లు పగులుతాయి, పసిపిల్లలకి దెబ్బలు తగులుతాయి. ఏ పిల్లని ఉంచుకోవాలో, దేన్ని ఎవరికివ్వాలో ముందే తెలిస్తే ఇవన్నీ తప్పుతాయి.

అందుకే పావురాల పెంపకంలో చిట్కాలకి లోటు లేదు. పక్షిని చేత్తో పట్టుకుని ముక్కు మెల్లగా లాగితే తోక కిందికి దించేది పోతు, పైకి ఎత్తేది పెట్ట అంటారు. కాలి వేళ్ల పొడవు కొలుస్తారు. గుడ్డు మీద దారానికి ఉంగరం కట్టి వేలాడదీస్తారు. పొత్తికడుపు కింద ఎముకల మధ్య సందు చూస్తారు. ఈ చివరిదాంట్లో కాస్త నిజం ఉంది. గుడ్లు పెట్టిన పెట్టకి ఆ సందు వెడల్పవుతుంది. కానీ నిన్నమొన్న ఈకలొచ్చిన పిల్లలో ఏం వెడల్పు ఉంటుంది? కొందరు రోజుల పిల్లని తిరగేసి, మలద్వారం నొక్కి దాని పెదవుల ఆకారం చూస్తారు. బాగా చెయ్యి తిరిగినవాళ్లు కొంతవరకు పోల్చగలరేమో గానీ, పదిహేను, ఇరవై గ్రాములున్న ప్రాణాన్ని కొత్త చేతులు నొక్కడం నాకు అస్సలు ఇష్టం లేదు.

అన్నిటికంటే మొండిగా నిలిచిన నమ్మకం ఇంకొకటి ఉంది: రెండు గుడ్లలో ఒకటి పోతు, ఒకటి పెట్ట అని. దీని వయసు రెండు వేల మూడొందల ఏళ్ల పైమాటే. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కూడా పావురం సాధారణంగా ఒక మగ, ఒక ఆడ పెడుతుందని రాశాడు. ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది? ఒక్కసారి నాణెం ఎగరేసి చూడండి. వరసగా రెండుసార్లు వేస్తే బొమ్మా బొమ్మా పడొచ్చు, బొరుసూ బొరుసూ పడొచ్చు, బొమ్మా బొరుసూ పడొచ్చు, బొరుసూ బొమ్మా పడొచ్చు. నాలుగింట్లో రెండుసార్లు ఒకటి అదీ, ఒకటి ఇదీ. అంటే ఏ లెక్కా లేకుండా కేవలం అదృష్టం మీద పుట్టినా, సగం గూళ్లలో ఒక పోతు, ఒక పెట్టే ఉంటాయి. సగం సార్లు నిజమయ్యే మాటని ఎవరు మాత్రం వదులుకుంటారు? తప్పిన సగం మర్చిపోతాం, కుదిరిన సగం పదిమందికి చెప్పుకుంటాం. నాకు నాలుగు గుడ్లు పెట్టిన ఆ రెండూ ఒకే గూటి అక్కచెల్లెళ్లని తర్వాత తెలిసింది. ఒకే గూటివి కాబట్టి జతే అని అమ్మినతను నిజంగానే నమ్మి ఇచ్చాడు.

అసలు తేడా పుట్టేది క్రోమోజోముల దగ్గర. మనుషుల్లో అమ్మాయికి రెండు ఎక్స్‌లు, అబ్బాయికి ఒక ఎక్స్, ఒక వై. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి కణాన్ని బట్టి ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని ఆడిపోసుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ మాటలో న్యాయమే కాదు, సైన్సు కూడా లేదు. పక్షుల్లో ఈ వరస తిరగబడుతుంది. పోతుకి రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక జడ్, ఒక డబ్ల్యూ. గుడ్డులోకి తల్లి జడ్ పంపితే కొడుకు, డబ్ల్యూ పంపితే కూతురు. తండ్రి ఎవరికైనా జడ్డే ఇస్తాడు.

డబ్ల్యూ చిన్న క్రోమోజోము. పావురం రంగుని నడిపించే జన్యువుల్లో రెండు ముఖ్యమైనవి జడ్ మీద ఉన్నాయి, డబ్ల్యూ మీద లేవు. కూతురికి తల్లి నుంచి వచ్చేది డబ్ల్యూ. అంటే ఈ రెండు జన్యువుల విషయంలో ఆమెకి అమ్మ నుంచి ఏమీ రాదు, ఉన్న ఒక్క ప్రతి (కాపీ) కూడా నాన్నదే. కొడుక్కి మాత్రం ఇద్దరి నుంచీ చెరొకటి వస్తుంది. గూట్లోనే పిల్లని పోల్చే పద్ధతంతా ఈ చిన్న తేడా మీదే నిలబడి ఉంది.

ముందు వెలిసిన రంగు సంగతి చెప్తాను. నల్ల బట్టని పదిసార్లు ఉతికి ఎండలో ఆరేస్తే వచ్చే రంగు కొన్ని పావురాలకి పుట్టుకతోనే ఉంటుంది. నలుపు మట్టిరంగుగా, నీలి బూడిద వెండిగా, ఎరుపు పసుపుగా వెలిసిపోతుంది. దీనికి కారణమైన జన్యుమార్పు జడ్ మీద ఉంది, పైగా అది అణిగి ఉండే గుణం. పక్కన ముదురు రంగు ప్రతి ఉంటే బయటపడదు. ఇప్పుడు వెలిసిన రంగు పోతుని ముదురు రంగు పెట్టకి జత కట్టండి. కొడుకులకి అమ్మ నుంచి ముదురు ప్రతి వస్తుంది కాబట్టి అందరూ ముదురే. కూతుళ్లకి నాన్న ప్రతి ఒక్కటే, అడ్డుకునేది ఇంకోటి లేదు. అందరూ వెలిసిన రంగే.

ఇందులో నాకు ఎప్పటికీ విసుగు పుట్టనిది ఏంటంటే, దీనికోసం ఈకలు వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు. మామూలు పావురపు పిల్ల గుడ్డు లోంచి వచ్చేటప్పుడు ఒంటి నిండా పసుపు పచ్చటి పొడవాటి నూగు ఉంటుంది, మొక్కజొన్న కంకి పీచులాగ. వెలిసిన రంగు పిల్లకి ఆ నూగు బాగా పొట్టిగా ఉంటుంది. దాదాపు బోడిగా, గులాబీ రంగు తోలుతో కనిపిస్తుంది. అప్పుడే వచ్చిన పిల్ల తడిసి ఉంటుంది, నూగు ఒంటికి అతుక్కుపోయి ఎవరైనా బోడిగానే అనిపిస్తారు. అందుకే కొన్ని గంటలు ఆగి, ఒళ్లు ఆరాక చూడాలి. ఆరిన పిల్లల్ని పక్కపక్కన చూస్తే కళ్లద్దాలు లేకుండానే తేడా తెలిసిపోతుంది. ఆ వయసులో పిల్ల కళ్లు కూడా తెరవదు. ఎక్కడా నొక్కక్కర్లేదు, తిరగెయ్యక్కర్లేదు. తల్లి కాస్త లేచినప్పుడు మూకుట్లోకి తొంగి చూస్తే చాలు.

రెండో జన్యువు రంగునే మారుస్తుంది. గుడి గోపురాల మీదా రైల్వే స్టేషన్లలోనూ మనం రోజూ చూసే పావురం నీలి బూడిద రంగుది, రెక్కల మీద రెండు నల్ల పట్టీలు ఉంటాయి. ఇదే పావురాలన్నిటికీ మూలమైన రంగు. దీనికి మార్పుగా వచ్చిందే ఎర్రబూడిద. ఇందులో పట్టీలు నల్లగా కాక ఇటుక ఎరుపులో ఉంటాయి, తోక, రెక్కల చివర్లు పాలిపోయి బూడిద తెలుపులో ఉంటాయి. ఇది పైచేయి గుణం, ఒక్క ప్రతి ఉన్నా బయటపడుతుంది. ఎర్రబూడిద పెట్టని నీలి పోతుకి కడితే, తల్లి జడ్ అందుకున్న కొడుకులంతా ఎర్రబూడిద, కూతుళ్లంతా తండ్రిలా నీలి. అమ్మ రంగు కొడుకులకి, నాన్న రంగు కూతుళ్లకి. వారం దాటి ఈకల మొలకలు పొడుచుకొచ్చేసరికి రంగు మొదలవుతుంది, రెండో వారం మధ్యకి అనుమానం ఉండదు. జత తిరగేసి ఎర్రబూడిద పోతుని నీలి పెట్టకి కడితే మాత్రం ఇది పనిచెయ్యదు. అప్పుడు కొడుకులూ కూతుళ్లూ అందరూ ఎర్రబూడిదగా రావచ్చు. నాకు తెలిసి చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

తల్లిదండ్రులెవరో తెలియని పిల్లకి కూడా ఈ జన్యువు ఒక గుర్తు ఇస్తుంది. ఎర్రబూడిద పావురం రెక్క విప్పి, పెద్ద ఈకల్ని ఒక్కోటీ వెలుతురుకి పట్టి చూడండి. కొన్నిటిలో పాలిపోయిన ఈక మీద పెన్ను విదిల్చినట్టు నల్లటి మరకలు, సన్న గీతలు ఉంటాయి. తోకలోనూ ఉంటాయి. అడుగున అణిగి ఉన్న నీలి ప్రతి అక్కడక్కడా బయటికి రావడం అది. ఒక పక్షిలో ఎర్రబూడిద, నీలి రెండూ ఉండాలంటే రెండు జడ్‌లు ఉండాలి. రెండు జడ్‌లు ఉండేది పోతుకే. కాబట్టి సిరా మరకలున్న ఎర్రబూడిద పిల్ల పోతు. మరకలు లేకపోతే పెట్టే అని మాత్రం అనకండి, రెండు ఎర్రబూడిద ప్రతులున్న పోతుకీ మరకలు ఉండవు. వయసుతో పాటు ఈ మరకలు పెరుగుతాయి కూడా.

ఛార్లెస్ డార్విన్ 1855 నుంచి తన ఇంట్లో పావురాలు పెంచాడు, లండన్ పెంపకందార్ల క్లబ్బుల్లో చేరాడు. 1871లో అచ్చయిన పుస్తకంలో ఆయన బెల్జియం పావురాల్లో కొన్ని జాతుల గురించి చెప్తూ, నల్ల చారలు మగవాటికి మాత్రమే ఉంటాయని రాశాడు. నాకైతే అవి ఈ సిరా మరకలే అనిపిస్తుంది. అప్పటికి క్రోమోజోముల సంగతి ఎవరికీ తెలియదు. 2014లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మైకేల్ షపీరో బృందం ఈ రంగుల వెనకున్న జన్యువుల్ని పట్టుకుంది. నీలి, ఎర్రబూడిద తేడా టైర్ప్1 అనే జన్యువులో ఉంది, రంగు వెలవడం ఎస్‌ఎల్‌సి45ఎ2లో ఉంది. ఈ రెండూ మనిషిలోనూ ఉన్నాయి, మన చర్మం, జుట్టు రంగులో వాటికి పాత్ర ఉంది.

ఇక కొన్ని జాగ్రత్తలు. తెల్ల పావురాల్లో ఈ పద్ధతి నడవదు. తెలుపు మిగతా రంగులన్నిటినీ కప్పేస్తుంది, అడుగున ఏముందో కనపడదు. తోక చివరిదాకా ముదురు ఎరుపున్న పావురాన్ని ఎర్రబూడిద అనుకోవద్దు. ఆ ఎరుపు వేరే జన్యువుది, అది జడ్ మీద లేదు. తోక పాలిపోయి ఉందా, ఎర్రగా ఉందా అన్నది చూస్తే ఈ పొరపాటు జరగదు. రంగురంగుల మచ్చలతో ఉండే ఆల్మండ్ అనే రకం గుణం కూడా జడ్ మీదే ఉంది, పిల్లల్ని పోల్చడానికి అదీ పనికొస్తుంది. కానీ రెండు ఆల్మండ్‌లని జత కట్టకండి. రెండు ప్రతులూ అందుకున్న కొడుకులు తరచూ కళ్ల లోపాలతో పుడతారు. పిల్లలు ఆడా మగా అని తెలుసుకోవడానికి గుడ్డి పిల్లని పుట్టించడం కంటే ఘోరం ఉండదు.

జత ఎంచుకునే వీలు లేనప్పుడు డీఎన్ఏ పరీక్ష ఉంది. మొలుస్తున్న ఒకట్రెండు ఈకల్ని మొదలుతో సహా తీసి పంపాలి, ఆ మొదట్లోనే కణాలుంటాయి. సీహెచ్‌డీ1 అనే జన్యువు జడ్ మీదా డబ్ల్యూ మీదా ఉంది గానీ, రెండు చోట్లా దాని మధ్య భాగాల పొడవు వేరు. యంత్రంలో ఆ ముక్కని పెంచి చూస్తే పోతుకి ఒకే గీత, పెట్టకి రెండు గీతలు పడతాయి. మన దేశంలోనూ ఈ పరీక్ష చేసే ల్యాబులు ఉన్నాయి, శాంపిల్ కొరియర్‌లో పంపొచ్చు. ఖరీదైన జాతి పిల్ల అయితే ఆ ఖర్చు దండగ కాదు.

నా డాబా మీద ఈ ఏడాది వెండి రంగు పోతు, ముదురు నీలి పెట్ట జతగా ఉన్నాయి. మొన్న పొద్దున పెట్ట జొన్నలు తినడానికి లేచినప్పుడు చూశాను. మూకుట్లో రెండు పిల్లలు, ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని ఉన్నాయి. ఒకటి పచ్చటి నూగుతో ఉండలా ఉంది, ఇంకోటి పూర్తిగా బోడి. పోతు వచ్చి గూటి అంచు మీద నిలబడ్డాడు, రెండిటి కేసీ చూసి మెల్లగా మీదికెక్కి కూర్చున్నాడు. గూటి తలుపు మీద సుద్దముక్కతో తేదీ వేసి, పక్కన "ఒక పోతు, ఒక పెట్ట" అని రాశాను.