ఊరి పొలం, సిటీ ఫ్లాటు

విజయనగరం జిల్లా భోగాపురం చుట్టుపక్కల వెంచర్ల బోర్డులన్నీ గజాల్లోనే మాట్లాడతాయి. మా నాన్నల కాలంలో భూమంటే ఎకరాలు, ఇంటి స్థలమంటే సెంట్లు. సెంటుకు 48.4 గజాలు, కాబట్టి కొలత మారినా నేల అంతే. మారింది కొనేవాళ్లు. విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగిన ఈ నేల మీద హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, ఫోన్‌లో లేఅవుట్ చూసి అడ్వాన్సు కట్టేవాళ్లు ఉన్నారు. ఇల్లు కట్టుకుందామని కాదు, రేటు పెరుగుతుందని.

"కుర్రాళ్లకి సిటీ మోజు" అంటారు మా వైపు పెద్దలు. ఆ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరు విడవడం కొత్తేమీ కాదు. మన తాతల తరం ఓడలెక్కి బర్మాలోని రంగూన్ వెళ్లి రేవుల్లో కూలి చేసింది. 1930లో అక్కడ తెలుగు కూలీల మీద అల్లర్లు జరిగాయి. 1942లో జపాన్ సేనలు రావడంతో వేలాదిమంది కాలినడకన తిరుగుముఖం పట్టారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు అలా బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల గుర్తే. ఇంకా ఖరగ్‌పూర్ రైల్వే, విశాఖ షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు.

అయితే ఆ వలసలన్నిటిలో మనిషి వెళ్తే డబ్బు ఇంటికొచ్చేది. మెస్‌లో తిని, గదిలో నలుగురు సర్దుకుని, మిగిలింది మనియార్డరు చేసేవారు. ఆ డబ్బుతోనే తాటాకిల్లు పోయి పెంకుటిల్లు, పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చాయి. చెల్లెలి పెళ్లి, అరెకరం పొలం కూడా అందులోంచే.

ఈ లెక్క చదువుల దగ్గర తిరగబడింది. 1997లో రాజాంలో, విజయనగరంలో ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. పదేళ్లు గడిచాక ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో రైతు కూలీ ఇంట్లోంచి కూడా బీటెక్ బయల్దేరింది. డిగ్రీ పట్టాకి తగిన ఉద్యోగం మాత్రం ఇక్కడ లేదు. అమీర్‌పేటలో కోచింగ్, హాస్టల్, ఆ తర్వాత ఐటీ ఉద్యోగం. దీన్ని ఇష్టం అనాలా, తప్పనిసరి అనాలా? మొదట తప్పనిసరే. నాలుగేళ్లు ఉన్నాక ఇష్టమైపోతుంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఆడపిల్లవాళ్లు "ఊళ్లో ఎన్నెకరాలు?" అనడం మానేసి "సిటీలో సొంత ఫ్లాటుందా?" అంటున్నారు.

ఫ్లాటు దగ్గరే పొలం రంగంలోకి వస్తుంది. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 60 లక్షల ఫ్లాటుకి చేతిలో 12 లక్షలుండాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. పాతికేళ్ల కుర్రాడి దగ్గర అంత ఎక్కడిది? నాన్న పొలం బేరం పెడతాడు. వెనక మనియార్డరుగా ఊరికొచ్చిన డబ్బు ఇలా డౌన్ పేమెంటై నగరానికి తిరిగిపోతోంది. నా లెక్కలో అసలు మార్పు ఇదే.

ఆ ఫ్లాట్లు కట్టే చేతుల్లోనూ ఇక్కడివి ఉన్నాయి. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఎందరో. డబ్బు ఊరికి పంపే అలవాటు ఇంకా మిగిలింది ఇలాంటి కూలీల్లోనే.

జనాభా లెక్కల్లోనూ ఇది కనబడుతుంది. 2001, 2011 మధ్య ఉమ్మడి రాష్ట్రం 11 శాతం పెరిగితే విజయనగరం జిల్లా 4 శాతం దాటి కాస్తే పెరిగింది, శ్రీకాకుళం ఆరున్నర. 2011లో వెయ్యి మంది మగవాళ్లకు విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లు, శ్రీకాకుళంలో 1,015.

కొనుగోళ్ల సంగతికొస్తే, వాషింగ్ మెషీన్ కావాలంటే మునుపు విజయనగరం గంటస్తంభం దగ్గర షాపులో బేరమాడేవారు. ఇప్పుడు కొడుకు బెంగళూరులో ఆర్డరు పెడతాడు. డెలివరీ కుర్రాడు దారి అడగడానికి ఫోన్ చేసేదీ అతనికే. "రామాలయం దాటాక ఎడం చేతి వైపు, పచ్చ గేటు" అని వెయ్యి కిలోమీటర్ల అవతల నుంచి దారి చెబుతాడు. ఊళ్లో వాడకం పెరిగింది, కానీ ఊరి షాపు గల్లాపెట్టెలో ఆ డబ్బు పడటం లేదు.

ఆ పచ్చ గేటుకీ ఎక్కువ రోజులు తాళమే. మనవడు పుట్టాక అమ్మానాన్నలు కూడా సిటీకే వెళ్లారు. మా వీధి చివర ఒకావిడ గుమ్మం పక్కన మేకుకి నాలుగిళ్ల తాళాలు వేలాడుతుంటాయి. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టింది. శుక్రవారం శుక్రవారం వెళ్లి నాలుగిళ్ల ముందూ ముగ్గేసి వస్తుంది.