‘టెల్ మీ’ ఒప్పయితే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు తప్పు?

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ‘టెల్ మీ ద ఆన్సర్’ అంటే ఎవరూ ఏమీ అనరు. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద ఆన్సర్’ అంటే మాత్రం ఆ భాష ఇంట్లో మాట్లాడే వాళ్ల చెవికి వెంటనే తేడా కొడుతుంది. రెండూ చెప్పడమే కదా! బడిలో దొరికే జవాబు ఒకటే: ‘ఎక్స్‌ప్లెయిన్ పక్కన టు పెట్టాలి, గుర్తుపెట్టుకో.’ ఇలా ఒక్కో క్రియనూ బట్టీ పట్టించడం అన్యాయం. దీని వెనక ఒక చక్కటి ఏర్పాటు ఉంది.

‘సీతకు ఉంగరం ఇచ్చాడు’ అన్నా, ‘ఉంగరం సీతకు ఇచ్చాడు’ అన్నా, పుచ్చుకున్నది ఎవరో మనకు ‘కు’ చెప్పేస్తుంది. మూట మీద పేరు రాసి ఉంటే ఎక్కడ పెట్టినా ఎవరిదో తెలిసినట్టే. పాత ఇంగ్లీషులోనూ ఇలాంటి విభక్తులు ఉండేవి. మధ్యయుగాల్లో అవి అరిగిపోయాయి. పేరు చెరిగిపోయాక పెట్టిన చోటే గుర్తు అయింది. అందుకే ఇప్పుడు రెండు దారులు. పుచ్చుకునే మనిషిని క్రియ పక్కనే కూర్చోబెట్టి ‘గివ్ సీత ఎ రింగ్’ అనడం ఒకటి. వస్తువును ముందు చెప్పి ‘గివ్ ఎ రింగ్ టు సీత’ అనడం ఇంకొకటి. ఇచ్చే క్రియల్లో చాలావాటికి టు దారి తెరిచే ఉంటుంది. చిక్కంతా మొదటి దారితోనే.

ఆ దారిలోకి ఏ క్రియను రానివ్వాలో చాలావరకు దాని ఉచ్చారణే తేలుస్తుంది. గివ్, టెల్, సెండ్, షో, లెండ్, సెల్, పే, టీచ్, హ్యాండ్: అన్నీ ఒక్క సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) మాటలు, అన్నిటికీ ప్రవేశం ఉంది. ఆఫర్, ప్రామిస్ రెండు సిలబుల్స్, కానీ ఊనిక, అంటే పలికేటప్పుడు గట్టిగా నొక్కడం, మొదటిదాని మీద, వీటికీ ఉంది. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, రిటర్న్, అనౌన్స్, సబ్మిట్ మాటల్లో ఊనిక రెండోదాని మీద పడుతుంది, వీటికి లేదు. ‘డెమన్‌స్ట్రేట్’లో ఊనిక మొదట్లోనే ఉన్నా మాట మూడు సిలబుల్స్‌కు సాగింది, కాబట్టి దానికీ లేదు. మరి ‘అవార్డ్’, ‘అసైన్’, ‘అలాట్’? ఊనిక రెండోదాని మీదే, అయినా ‘దే అవార్డెడ్ హర్ ద ప్రైజ్’ నిక్షేపంగా చెల్లుతుంది. ఈ మూడింటి తొలి ‘అ’ వినపడీ వినపడనట్టు పలికే అచ్చు, అందుకే అది లెక్కలోకి రాదని కొందరు భాషావేత్తల వివరణ. ‘అనౌన్స్’లోనూ అదే అచ్చు ఉంది, అయినా దానికి ప్రవేశం లేదు. ‘డొనేట్’ను అమెరికాలో చాలామంది మొదటి సిలబుల్ మీద ఊనికతోనే పలుకుతారు, అక్కడా ‘డొనేట్ మీ’ అనరు. ఈ జల్లెడకు అక్కడక్కడా చిరుగులున్నాయి. అయినా చాలా మాటలను సరిగానే వడపోస్తుంది.

ఉచ్చారణకూ వాక్య నిర్మాణానికీ ముడి ఎలా పడింది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి, లాటిన్ మాటలు వరదలా వచ్చాయి. గివ్, టెల్, సెల్ లాంటి పొట్టి క్రియలు అప్పటికే విభక్తుల కాలం నాటి పద్ధతికి అలవాటు పడినవి. కొత్తగా వచ్చిన పొడుగు మాటలు చాలావరకు టు దారికే పరిమితమయ్యాయి. కానీ మూడేళ్ల పిల్లకు లాటిన్ ఏం తెలుసు? తెలిసేది శబ్దమే. 1989లో భాషా పరిశోధకులు గ్రోపెన్, పింకర్ బృందం అసలు లేని క్రియలను కల్పించి పెద్దవాళ్ల ముందు పెడితే, పొడుగు మాటలకన్నా ఒక్క సిలబుల్ మాటలనే మొదటి దారిలో ఎక్కువగా ఒప్పుకున్నారు. ఇప్పటి ఆఫీసు మాటలు చూడండి. ఫార్వర్డ్, ఈమెయిల్, టెక్స్ట్, వాట్సాప్: అన్నిటికీ ఊనిక మొదట్లోనే. ‘ఫార్వర్డ్ మీ ద మెయిల్’, ‘వాట్సాప్ మీ ది అడ్రస్’ సులువుగా చెలామణి అయిపోయాయి. మన దగ్గర తరచూ వినిపించే ‘సజెస్ట్ మీ ఎ గుడ్ డాక్టర్’ మాత్రం ఈ పరీక్షలో ఆగిపోతుంది. ‘సజెస్ట్ ఎ గుడ్ డాక్టర్’ చాలు. ‘మీ’ అక్కర్లేదు.

శబ్దం ఒక్కటే సరిపోదు, అర్థం కూడా కలవాలి. మొదటి దారిలో చెప్పేది చేతికి అందడం. టు దారిలో చెప్పేది ప్రయాణం. ‘సెండ్ ఎ పార్సెల్ టు లండన్’ బాగుంది. ‘సెండ్ లండన్ ఎ పార్సెల్’ అంటే లండన్ ఊరు పార్సిల్ అందుకున్నట్టుంటుంది. లండన్ ఆఫీసువాళ్లని అర్థమైతేనే కుదురుతుంది. ‘త్రో మీ ద బాల్’ సరే, ‘పుల్ మీ ద బాక్స్’ కాదు. విసిరితే ఒక్క ఊపుతో చేయి వదులుతాం, వస్తువు తనంతట వెళ్లి అందుతుంది. లాగడంలో చివరిదాకా చేయి దాని మీదే ఉంటుంది, వర్ణించేది ఆ కదలికనే. ‘విస్పర్’, ‘షౌట్’ గొంతు తీరును చెప్తాయి, అందడాన్ని కాదు. అందుకే ‘విస్పర్ మీ ద ఆన్సర్’ అనరు. తలనొప్పి సంగతి దీనికి తిరగబడినట్టుంటుంది. ‘ద నాయిస్ గేవ్ మీ ఎ హెడేక్’ అంటారు గాని ‘గేవ్ ఎ హెడేక్ టు మీ’ అనరు. చప్పుడు దగ్గర్నుంచి తలనొప్పి నడిచి రాలేదు, నాలోనే పుట్టింది. ‘డినై’, ‘రెఫ్యూజ్’ ఊనిక పరీక్షలో తప్పినా ‘దే డినైడ్ హిమ్ ఎ వీసా’ అనవచ్చు. అక్కడున్నది అందకుండా చేయడం, అంటే సంబంధం అందడంతోనే.

రెండు దారులూ తెరిచున్నప్పుడు ఏది ఎంచుకుంటారు? పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని ఇంకోదానిగా మార్చమని అభ్యాసాలిస్తాయి, రెండూ ఒకటే అన్నట్టు. భాషావేత్త జోన్ బ్రెస్నన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో టెలిఫోన్ సంభాషణల వాక్యాలను లెక్కగట్టి చూస్తే ఒక క్రమం బయటపడింది. అప్పటికే ప్రస్తావనకు వచ్చినది ముందు, కొత్తది వెనక. సర్వనామం ముందు, పొట్టిది ముందు, పొడుగుది వెనక. అందుకే ‘గివ్ ఇట్ టు ద డ్రైవర్’. ‘గివ్ ద డ్రైవర్ ఇట్’ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎదురుగా ఉన్న ‘హిమ్’ పొట్టి, కొత్త వస్తువు పొడుగు అయితే ‘గివ్ హిమ్ ద కీ టు ద బ్యాక్ డోర్’.

రోజువారీ ఇంగ్లీషులో ‘గివ్’ చాలాసార్లు ఏ వస్తువునూ ఇవ్వదు. ‘గివ్ మీ ఎ కాల్’, ‘గివ్ ఇట్ ఎ ట్రై’, ‘గివ్ ద కార్ ఎ వాష్’: పని మొత్తం చివరి నామవాచకానిదే. వీటిని మామూలుగా టు దారిలోకి తిప్పరు. ‘గివ్ ఎ ట్రై టు ఇట్’ కుదరదు. అందుకని ఇలాంటివి విడగొట్టకుండా మొత్తంగా నేర్చుకోవాలి. పరీక్షల దగ్గర మన అలవాటు వేరు: హిందీవాళ్లు పరీక్ష ‘ఇస్తారు’ కాబట్టి వాళ్ల ఇంగ్లీషులో ‘గివ్ ది ఎగ్జామ్’, మనం పరీక్ష ‘రాస్తాం’ కాబట్టి మనది ‘రైట్ ది ఎగ్జామ్’. బ్రిటన్‌లో వినిపించేది ‘సిట్’ లేదా ‘టేక్’. అక్కడ పరీక్ష ఇచ్చేది పెట్టే మాస్టారే.