ఓడ ఎక్కకముందు వాళ్లది ఏ ఊరు?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఐర్లండ్ నుంచి అమెరికా వెళ్లినవాళ్ల మూలాలు ఎలా వెతుకుతారని అడిగారు కదా. 1845లో అక్కడ బంగాళాదుంపకు తెగులు పట్టింది. 1852 దాకా సాగిన ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువమంది దేశం విడిచారు. ఇప్పుడు వెతికేవాళ్లలో చాలామంది వాళ్ల సంతతే.

నేరుగా ఐర్లండ్ రికార్డులు తెరిస్తే దారి తప్పుతారు. మన ఇంటిపేర్లలో చాలాసార్లు ఊరే దాగి ఉంటుంది. వాళ్ల ఇంటిపేర్లలో ఎక్కువగా పూర్వీకుడి పేరుంటుంది: 'మాక్' అంటే కొడుకు, 'ఓ' అంటే మనవడు. మర్ఫీలు, కెల్లీలు దేశమంతా ఉన్నారు. అందుకే ముందు ఊరు తెలియాలి, అది దొరికేది వలసవెళ్లిన దేశంలోనే. చర్చి పెళ్లి పుస్తకం, సమాధి రాయి, పత్రికలో మరణవార్త, పౌరసత్వ కాగితాలు చూడాలి. 1906 సెప్టెంబరు తర్వాతి అమెరికా పౌరసత్వ కాగితాల్లో పుట్టిన ఊరు రాసేవారు. అంతకుముందువాటిలో తరచు 'ఐర్లండ్' అనే ఉంటుంది. తాతవి చాలకపోతే ఆయన తోబుట్టువులవీ, పెళ్లి సాక్షులవీ వెతకండి. 'క్వీన్స్‌టౌన్' కనబడితే సొంతూరు అనుకోకండి. అది ఓడ ఎక్కిన రేవు, ఇప్పటి కోవ్.

జిల్లాలాంటి కౌంటీ పేరు తెలిస్తే సరిపోదు. కావలసింది టౌన్‌ల్యాండ్, అంటే కొన్ని పొలాలూ ఇళ్లూ కలిసిన అతిచిన్న విభాగం. అవి అరవై వేలకు పైగా ఉన్నాయి, ఒకే పేరు చాలాచోట్ల వస్తుంది. పారిష్, అంటే ఒక చర్చి పరిధిగా ఏర్పడ్డ ప్రాంతం, దాని పేరు కూడా పట్టుకోండి.

ఇక ఐర్లండ్ వైపు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలామటుకు అందులోనే పోయాయి. ఆ తర్వాతి నాలుగింటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది, అది ఎంత అన్యాయమో! 1922కు ముందువాటిలో ఇంటింటి వివరాలతో పూర్తిగా మిగిలినవి 1901, 1911వి; నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా చూపిస్తుంది. కరువుకాలానికి గ్రిఫిత్ అనే అధికారి చేయించిన ఇళ్లూ భూముల పన్ను మదింపు (1847–1864) దిక్కు. అందులో ఇల్లూ భూమీ ఎవరి అధీనంలో ఉన్నాయో వాళ్ల పేర్లు ఉంటాయి, భార్యాపిల్లలవి ఉండవు. అందరి జననమరణాల నమోదు 1864లో మొదలైంది. అంతకుముందు కాలానికి చర్చి పుస్తకాలే ఆధారం. సుమారు 1880 దాకా ఉన్న క్యాథలిక్ పుస్తకాలు నేషనల్ లైబ్రరీ సైట్లో ఉన్నాయి. చాలావాటిలో పేర్లు లాటిన్‌లో ఉంటాయి: జేమ్స్ 'యాకోబస్', విలియమ్ 'గులియెల్మస్'.

తేదీలను గుడ్డిగా నమ్మకండి. బాప్తిస్మం తర్వాత పుట్టినట్టు కనబడే బిడ్డలుంటారు. నమోదు గడువు దాటితే జరిమానా, అందుకని తల్లిదండ్రులు తర్వాతి తేదీ చెప్పేవారు. 1909లో డెబ్బై ఏళ్లవాళ్లకు పింఛను మొదలైంది, 1901లో చెప్పిన వయసు 1911కల్లా పదేళ్లకంటే ఎక్కువ పెరిగినవాళ్లు ఎందరో. కాబట్టి పేరూ వయసూ కలిశాయని ఆగిపోవద్దు. తల్లి పుట్టింటి పేరు, బాప్తిస్మానికి నిలబడ్డ జ్ఞానపితల పేర్లు కూడా సరిచూడండి.

మీ తాతయ్య